పిడుదును మోసే పిట్టను ఏమనాలి?

ఓ సైన్సు వ్యాసం తెలుగు చేస్తూ ఒక్క మాట దగ్గర ఇరుక్కున్నాను. జబ్బును ఒకరి నుంచి ఇంకొకరికి చేరవేసే దోమ వాహకం, పిడుదు వాహకం అని చదువుకున్నాం కదా, మరి వైరస్ ఉన్న పిడుదును మోసుకెళ్లే వలస పక్షో? దాన్నీ వాహకం అనే రాశాను. తీరా చదివితే ఎవరు ఎవర్ని మోస్తున్నారో నాకే తెలియలేదు.

జవాబు:
పిడుదులు కుట్టి వచ్చే వైరస్ జబ్బు క్రిమియన్-కాంగో జ్వరం గురించేనా అండీ? అయితే పిట్టను వాహకం అనకండి. హయలోమా పిడుదుల పిల్లలు నేల మీద మేత ఏరుకునే పక్షులను పట్టుకుంటాయి. వాటిలో ఒక రకం లార్వా దశ (గుడ్డులోంచి వచ్చిన పిల్ల), నింఫ్ దశ (ఇంకా పెద్దది కాని పిల్ల) రెండూ ఒకే పిట్ట మీద గడిపేస్తుంది. ఆఫ్రికాలో ఎక్కి యూరప్‌లో దిగడానికి ఆ వ్యవధి చాలు. పిట్ట రక్తంలో మాత్రం ఈ వైరస్ సాధారణంగా పెరగదు. అంటే అది వట్టి బండి. 'మోత పక్షి' అంటే సరి.

జవాబు:
మోత అంటే చప్పుడు అనుకుంటారు, బాగా కూసే పిట్ట కాబోలని! పైగా అన్నిచోట్లా పక్షి బండి కాదు. వెస్ట్ నైల్ వైరస్ పక్షుల రక్తంలోనే పెరుగుతుంది, దోమ దాన్ని అందుకుంటుంది. 1999లో న్యూయార్క్‌లో కాకులు రాలిపోయింది అందుకే. స్కాట్లండ్‌లో రెడ్ గ్రౌజ్ అనే పక్షికి లూపింగ్ ఇల్ వైరస్ పిడుదు వల్లే వస్తుంది, వచ్చిన పక్షుల్లో చాలా చచ్చిపోతాయి. అలాంటి చోట 'ఆతిథేయి' అనాలి. దీర్ఘం మరిచిపోకండి, అతిథి వైరస్, ఇల్లు పక్షిది.

జవాబు:
వైరస్ ఏళ్లతరబడి దాగి ఉండే చోటుకు 'ఆశయం' అని ఎక్కడో చూశాను. జలాశయం లాంటిదే అనుకోండి, కానీ 'ఈ పిడుదు వైరస్‌కు ఆశయం' అంటే వైరస్ జీవితలక్ష్యం పిడుదేనా అనిపిస్తుంది. నేనైతే 'నిలయం' అంటాను. క్రిమియన్-కాంగో వైరస్ తల్లి పిడుదు నుంచి గుడ్లలోకీ దిగగలదు కాబట్టి, పిడుదు వాహకమూ అవుతుంది, నిలయమూ అవుతుంది. ఇంకోటి, 'కీటకం' అని రాసి ఉంటే తీసేయండి. పిడుదు సాలీడు బంధువు, పెద్దదానికి ఎనిమిది కాళ్లు. లార్వాకు ఆరే, అందుకే అందరూ పొరబడతారు.

అడిగినవారు:
కీటకం అనే రాశాను, తీసేశాను. 'మోత' ఒప్పుకోలేకపోయాను. ఇలా మార్చాను: 'పిడుదు వైరస్‌కు వాహకం, పక్షి పిడుదుకు వాహనం.' వినాయకుడి ఎలుక గుర్తొస్తుందేమో, రానివ్వండి.