‘మా భూమి’ ఎవరి నేల నాటకం? సుంకర డాక్యుమెంటరీపై చర్చ

తిప్పర్తి రైతుబిడ్డ:
నాటక రచయిత సుంకర సత్యనారాయణ మీద టీవీలో వచ్చిన డాక్యుమెంటరీ చూశాను. ఆయన కృష్ణా జిల్లా నేపథ్యం, బుర్రకథలు, వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలిలో గడిపిన రోజులు బాగా చూపించారు. వాసిరెడ్డి భాస్కరరావుతో కలిసి 1947లో తెలంగాణ రైతుల పోరాటంపై రాసిన ‘మా భూమి’ నాటకం దగ్గరికొచ్చేసరికి మాత్రం నల్లగొండను ఒక మ్యాప్‌లో చూపించి దాటేశారు. ఆ నాటకానికి ఊపిరి ఇక్కడిదే కదా! ఆ నాటకానికి కథ ఇచ్చిన రైతు షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దొర అయిన దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి కోర్టులో గెలిచాడు. 1940లో ఆయన్ను చంపించారు. ఆయన ఊరు కామారెడ్డిగూడెం అప్పట్లో నల్లగొండ జిల్లా, జనగామ తాలూకా. సమాధి ఇప్పటికీ ఉంది. కెమెరా అక్కడిదాకా ఎందుకు రాలేదు? రచయిత మూలాలంటే ఆయన పుట్టిన ఊరేనా, కథ పుట్టిన ఊరు లెక్కలోకి రాదా?

మిర్యాలగూడ పాఠకుడు:
అన్నా, బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. డాక్యుమెంటరీ తీసింది సుంకర మీద, బందగీ మీద కాదు. కథ మనది, నిజమే. ఆ కథను జనం ముందు ఆడించే నేర్పు సుంకరకు కృష్ణా జిల్లా పల్లెల్లోనే వచ్చింది. నిజాం రాజ్యంలో ఆ రోజుల్లో ఈ నాటకం ఆడగలిగేవాళ్లా? ఆంధ్ర ప్రాంతంలో ఊరూరా ఆడారు, జనం విరగబడి చూశారు, చివరికి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అది వాళ్ల చరిత్ర కూడా. మన చిందు మీద, యక్షగానం మీద మంచి డాక్యుమెంటరీలు అడుగుదాం. పక్కవాళ్ల దాంట్లో వాటా ఎందుకు?

సూర్యాపేట టీచరమ్మ:
తమ్ముడూ, ‘వాళ్లు, మనం’ అని అంత తేలిగ్గా గీత గీయలేం. ఇప్పుడు మన జిల్లాలో ఉన్న మునగాల పరగణా అప్పట్లో కృష్ణా జిల్లా కింద ఉండేది. చుట్టూ నిజాం గ్రామాలు, మధ్యలో అదొక్కటే బ్రిటిష్ పాలనలో. ఇటు పోలీసులు తరిమితే ఉద్యమకారులు అటు దాటేవాళ్లు. మనుషులతో పాటు వార్తలూ పాటలూ దాటాయి. ఆ సరిహద్దు గురించి చెప్పకుండా కృష్ణా జిల్లా రచయిత మన గోస ఎలా రాశాడో ఎలా చెప్తారు? నాకు అసలు లోటు అక్కడే కనిపించింది.
ఇంకోటి. 1979లో వచ్చిన సినిమా పేరూ ఇదే కాబట్టి కొందరు కలిపేస్తున్నారు. సినిమాకు ఆధారం కృషన్ చందర్ ఉర్దూ నవల, ఈ నాటకం కాదు.

నకిరేకల్ రంగస్థలం:
ఈ నాటకంలో వేషం వేసినవాణ్ణి. రిహార్సల్‌లో దొర ముందు నిలబడే తీరు మాలో ఎవరికీ కుదరలేదు. ఊళ్లో ఒక ముసలాయన లేచి చేసి చూపించాడు. చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు, నడుము వంచాడు, కళ్లు నేల మీదే. ‘బాంచెన్ దొరా, నీ కాల్మొక్త’ అన్నాడు. మేమంతా అట్లనే నిలబడిపోయినం. అది ఏ పుస్తకంలోనూ లేదు, ఆయన ఒంట్లో ఉంది. సుంకర గొప్పతనం మీద నాకు రెండో మాట లేదు. అట్లాంటి ఒక్క ముసలాయనతో మాట్లాడించి ఉంటే ఆ గొప్పతనం ఇంకా బాగా తెలిసేది.

మిర్యాలగూడ పాఠకుడు:
రంగస్థలం అన్న మాట కాదనలేను. అయినా బందగీకి సుంకర డాక్యుమెంటరీలో ఒక సీన్ ఇస్తే సరిపోతుందా? ఆయన మీద విడిగా ఒకటి రావాలి.

తిప్పర్తి రైతుబిడ్డ:
విడిగా వస్తే సంతోషమే. దాని కోసం ఇందులోని ఖాళీని వదిలేయలేం తమ్మీ. 1946 జూలైలో కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో ఉద్యమకారుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు, మరుసటి ఏడు నాటకం వచ్చింది. ఆ రెంటినీ కలిపి ఒక్క మాటైనా లేదు. వాసిరెడ్డి పేరు కూడా ఒక్కసారే వినిపించింది. కామారెడ్డిగూడెం, కడవెండి, మునగాల చేర్చి మళ్లీ ప్రసారం చేయమని చానెల్‌కు ఉత్తరం రాస్తున్నాను. సంతకం పెట్టేవాళ్లు ఇక్కడే చెప్పండి.