పిల్లలకు దారి, పెద్దలకు గోడ: కిండర్‌ట్రాన్స్‌పోర్ట్‌ని చూసి బ్రిటన్ గర్వపడొచ్చా?

రోజూరైలు (లండన్)

రోజూ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి ఆఫీసుకి నడుస్తాను. స్టేషన్ బయట హోప్ స్క్వేర్‌లో కంచు విగ్రహాలున్నాయి. ఐదుగురు పిల్లలు, వాళ్ళ పెట్టెలు, కాళ్ళ దగ్గర ఓ ముక్క రైలుపట్టా. ఆరేళ్ళుగా వాటి పక్కన నిలబడే కాఫీ తాగుతున్నా, ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు. పోయిన నెల గుంటూరు నుంచి అమ్మ వచ్చింది. విగ్రహాల చుట్టూ ఓసారి తిరిగి, "వీళ్ళ అమ్మానాన్నలేరీ?" అంది.

"రానివ్వలేదమ్మా" అన్నాను.

"పిల్లల్ని రానిచ్చి?"

అప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది.

తెలియనివాళ్ళకి క్లుప్తంగా చెప్తాను. 1938 నవంబర్ 9, 10 తేదీల్లో జర్మనీ, ఆస్ట్రియాల్లో నాజీలు యూదుల ప్రార్థనాలయాలు తగలబెట్టారు, దుకాణాలు పగలగొట్టారు, దాదాపు 30,000 మంది మగవాళ్ళని పట్టుకెళ్ళి క్యాంపుల్లో వేశారు. నవంబర్ 21న బ్రిటిష్ పార్లమెంటులో దీనిమీద చర్చ జరిగింది. పదిహేడేళ్ళ లోపు పిల్లలు ఒంటరిగా వస్తే రానిస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. డిసెంబర్ 2న మొదటి గుంపు, ఇంచుమించు 200 మంది, హార్విచ్ రేవులో దిగింది. యుద్ధం మొదలయ్యేలోపు వచ్చినవాళ్ళు దాదాపు 10,000 మంది, అందులో ఎక్కువమంది యూదుల పిల్లలే. జర్మన్‌లో కిండర్ అంటే పిల్లలు, అందుకే దీనికి కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ అని పేరు. వాళ్ళలో చాలామంది ఆ తర్వాత తల్లిదండ్రుల్ని చూడనేలేదు.

ప్రాణాలు కాపాడారు, దాన్ని కాదనను. కానీ ఎవరు బతకాలో, ఎవరు అక్కడే ఉండిపోవాలో తేల్చే గీత కూడా ఆ కాపాడినవాళ్ళే గీశారు. వార్షికోత్సవం వస్తే మాత్రం ఆ గీత మాటే రాదు, అంతా ఔదార్యమే. నాకు అది మింగుడుపడటం లేదు.

కాలువగట్టు మాస్టారు (తణుకు)

అమ్మగారి ప్రశ్న బాగుందండీ. మీ ముగింపు మాత్రం తొందరపాటు.

1938 జులైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు ఈ శరణార్థుల గురించే సమావేశమయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు లేచి సానుభూతి చెప్పి కూర్చున్నారు. ఎక్కువమందికి చోటిస్తామని ముందుకొచ్చిన దేశం డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే. ఇంకో ముచ్చట చెప్తాను, మీరు ఇరుకున పడతారు. 1939లో అమెరికాలో సెనేటర్ వాగ్నర్, కాంగ్రెస్ సభ్యురాలు రోజర్స్ కలిసి 20,000 మంది పిల్లల్ని తీసుకుందామని బిల్లు పెట్టారు. అది ఓటింగు దాకా వెళ్ళనేలేదు. వద్దన్నవాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటేమిటో తెలుసా? తల్లిదండ్రుల నుంచి పిల్లల్ని విడదీయడం దైవధర్మానికి విరుద్ధమట!

అంటే అమ్మగారు జాలితో అడిగిన మాటనే అక్కడ తలుపు వేయడానికి గొళ్ళెం చేసుకున్నారు. బ్రిటన్ కూడా "కుటుంబం మొత్తం వస్తేనే" అని పట్టుబట్టి ఉంటే ఆ పదివేలమందీ ఏమయ్యేవారు? ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి. అసలు చేయనివాళ్ళని వదిలేసి, సగం చేసినవాణ్ణి పట్టుకుని నిలదీయడం మనకి బాగా అలవాటు.

శీనన్న_జగిత్యాల

మాస్టారూ, పైసలెవరు పెట్టిండ్రో గూడ చెప్పుండ్రి మరి. సర్కారు ఇచ్చింది ఒక కాగితం ముక్క. తిండి, బట్ట, బడి ఖర్చంతా దాతలే ఎత్తుకున్నరు. మాజీ ప్రధాని బాల్డ్విన్ డిసెంబర్ల రేడియోల అడిగితె జనం 5 లక్షల పౌన్లకు పైనే ఇచ్చిండ్రు. అయినా సర్కారుకు సాలలేదు. 1939ల ఒక్కో పోరనికి 50 పౌన్ల పూచీకత్తు పెట్టుమన్నది. ఎందుకంటె రేపు ఆ పిల్లల్ని మళ్ల వేరే దేశం పంపే ఖర్చుకట! ఇంట్లకు రానియ్యకముందే ఎల్లగొట్టే టికెట్ పైసలు వసూలు జేసినట్టు.

ఇంకోటి. పాలస్తీనా అప్పుడు బ్రిటన్ చేతులనే ఉండె. గదే డిసెంబర్ల అక్కడి యూదుల సంస్థ యూదు ఏజెన్సీ, "ఓ పదివేలమంది పిల్లల్ని పాలస్తీనాకు తోల్కపోతం, మీకు ఖర్చే లేదు" అంటె వద్దన్నది ఎవరు? గీ బ్రిటనే. అరబ్బులు కోపానికొస్తరని.

కాలువగట్టు మాస్టారు (తణుకు)

శీనూ, పూచీకత్తు సంగతి నిజమే, నేను దాచలేదు. కానీ పాస్‌పోర్టు, వీసా తతంగం పక్కన పెట్టి గుంపులు గుంపులుగా రానివ్వడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. దేశంలో నిరుద్యోగులు లక్షల్లో ఉన్నారు. పెద్దవాళ్ళు వస్తే ఉద్యోగాలు పోతాయని గోల. పిల్లలైతే ఉద్యోగాలకి పోటీ రారు. లెక్క అది. అందమైన లెక్కేమీ కాదు.

పాత అట్లాసు

ఇద్దరూ ఒక తప్పు చేస్తున్నారు. "పెద్దవాళ్ళని రానివ్వలేదు" అన్నది పూర్తి నిజం కాదు. ఇంటిపని వీసా అని ఒకటుండేది. దాని మీద దాదాపు 20,000 మంది, ఎక్కువగా ఆడవాళ్ళు, బ్రిటన్‌లో అడుగుపెట్టారు. వియన్నాలో సొంతింట్లో పనిమనిషిని పెట్టుకున్నావిడ ఇంగ్లండ్‌లో ఎవరింట్లోనో అంట్లు తోమింది. ముందుగా వచ్చిన పిల్లలు కొందరు ఇల్లిల్లూ తిరిగి తలుపు తట్టి, "మా అమ్మకి వంట వచ్చు, మా నాన్న తోటపని చేస్తాడు, పనిలో పెట్టుకోండి" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగేవాళ్ళు. ఎవరైనా సరేనంటే అక్కడ రెండు ప్రాణాలు దక్కాయి. లేదంటే లేదు.

కాబట్టి అక్కడున్నది గోడ కాదు, పనివాళ్ళు వచ్చే దొడ్డిగుమ్మం. నా దృష్టిలో అది గోడ కంటే సిగ్గుచేటు. రానివ్వడం సాధ్యమేనని దాంతోనే తేలిపోయింది కదా.

రోజూరైలు (లండన్)

ఈ వీసా సంగతి నాకు తెలియదు. అంటే అమ్మకి నేను చెప్పింది సగం నిజమే. ఫోన్ చేసి చెప్పాలి.

మాస్టారూ, అమెరికా పోలికకి కాసేపు నోట మాట రాలేదు, ఒప్పుకుంటాను. కానీ పక్కింటివాడు అసలు అన్నం పెట్టలేదు కాబట్టి మనం పెట్టిన అర ముద్ద విందైపోతుందా? నేను అడిగింది మంచా చెడా అని కాదు, గర్వం గురించి.

మోడరేటర్

గాజా గురించి వచ్చిన మూడు వ్యాఖ్యల్ని వేరే చర్చలోకి మార్చాం. ఇక్కడ 1938-40 వరకే మాట్లాడుకుందాం.

మంత్రసాని (కొవెంట్రీ)

నేను ఇక్కడ మిడ్‌వైఫ్‌ని. మీరంతా వీసాల దగ్గర ఆగిపోయారు, దిగిన తర్వాత సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇళ్ళు కుదరని పిల్లల్ని హార్విచ్ పక్కనే డోవర్‌కోర్ట్‌లో వేసవి విడిది క్యాంపులో ఉంచారు. వేసవికోసం కట్టిన చెక్క గదులు, బయట డిసెంబర్ చలి. వారాంతాల్లో పెంచుకోవాలనుకునే దంపతులు వచ్చి, పిల్లలు భోజనాల దగ్గర కూర్చుని ఉంటే చూసి ఎంచుకునేవారు. చిన్నపిల్లలు, బంగారురంగు జుట్టున్న ఆడపిల్లలు ముందు వెళ్ళిపోయేవారు. పద్నాలుగు, పదిహేనేళ్ళ మగపిల్లలు మిగిలిపోయేవారు. పశువుల సంతలా ఉండేదని, ఆనాటి పిల్లలే పెద్దయ్యాక చెప్పుకున్నారు.

కన్నబిడ్డల్లా చూసుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. జీతంలేని పనిపిల్లగా వాడుకున్న ఇళ్ళూ ఉన్నాయి. యూదుల పిల్లలు క్రైస్తవుల ఇళ్ళలో పెరిగి చర్చికి అలవాటుపడిపోవడం మీద అప్పట్లోనే పెద్ద గొడవైంది. నన్ను బాగా కుదిపింది మాత్రం భాష. యుద్ధం అయ్యాక, బతికి బయటపడ్డ తల్లో తండ్రో వెతుక్కుంటూ వస్తే, చిన్న వయసులో వచ్చిన పిల్లలు కొందరికి జర్మన్ ఒక్క ముక్క రాలేదు. వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు రాదు. ఏడేళ్ళ తర్వాత కలుసుకున్న తల్లీబిడ్డలు మాట్లాడుకోవడానికి మధ్యలో ఇంకో మనిషి! మా పిల్లాడు ఫోన్‌లో అమ్మమ్మతో "హాయ్, బై" దాటి మాట్లాడడని నేను పడే బాధ దీని ముందు ఎంత.

శీనన్న_జగిత్యాల

1940 సంగతి గూడ ఏసుకో అక్కా. ఫ్రాన్స్ పడిపోంగనె, హిట్లర్ నుంచి పారిపోయొచ్చినోళ్లనే "శత్రుదేశపోళ్లు" అని పట్టుకొని క్యాంపులల్ల ఏసిండ్రు, మొత్తం 27,000 మంది దాంక. పదహారేండ్లు దాటిన కిండర్ పోరగాండ్లు గూడ అండ్ల ఉన్నరు. వాల్టర్ కోన్ అని వియన్నా పిలగాడు, గీ రైలుల్నే వచ్చినోడు. ఆయన్ని పట్టుకపోయి కెనడా క్యాంపుకు తోలిండ్రు. అమ్మానాన్న నాజీల చావు క్యాంపు ఆష్విట్జ్‌ల పోయిండ్రు. గా పిలగానికే 1998ల కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఇప్పుడు "మనోడు" అని చెప్పుకోవాలె మరి!

మన హైదరాబాద్‌ల "ఇస్లామిక్ కల్చర్" పత్రిక నడిపిన మొహమ్మద్ అసద్ గూడ పుట్టుకతోని యూదుడే, లెంబర్గ్‌ల (ఇప్పటి ఉక్రెయిన్‌ల ల్వివ్) పుట్టిండు. ఆయన్ని గూడ బ్రిటిషోళ్లు ఇండియాల 1945 దాంక క్యాంపుల పెట్టిండ్రు.

కాలువగట్టు మాస్టారు (తణుకు)

అసద్ శరణార్థిగా రాలేదు శీనూ, మతం మార్చుకుని ఎప్పుడో అరేబియా వెళ్ళి, అక్కణ్ణుంచి ఇటు వచ్చాడు. ఆయన్ని ఇందులో కలపకు. ఆయన తండ్రీ చెల్లెలూ అక్కడే నాజీల చేతుల్లో పోయారన్నది మాత్రం నిజం.

1940 నిర్బంధాన్ని నేను సమర్థించను. అది భయంతో చేసిన తెలివితక్కువ పని.

పాత అట్లాసు

అసలు "బ్రిటన్ గర్వపడొచ్చా" అనే ప్రశ్నలోనే తిరకాసుంది. బ్రిటన్ అంటే ఎవరు? ప్రభుత్వమా, క్వేకర్లనే క్రైస్తవ శాంతివాదులా, యూదు సంఘాలా, మిగిలిన గదిలో మంచం వేసిన ఇల్లాలా? గెర్ట్రుడా వైస్‌ముల్లర్ అయితే అసలు బ్రిటిషరే కాదు, డచ్చావిడ. ఒంటరిగా వియన్నా వెళ్ళి, అక్కడ యూదుల్ని వెళ్ళగొట్టే పని చూస్తున్న నాజీ అధికారి ఐష్‌మన్ ఎదుట కూర్చుంది. అతను వెటకారంగా, "సరే, ఈ శనివారానికల్లా 600 మందిని తీసుకుపో చూద్దాం" అన్నాడు. అవదనుకున్నాడు. ఆవిడ తీసుకుపోయింది. 1940 మేలో డచ్చి సైన్యం చేతులెత్తేసిన రోజున కూడా, ఆమ్‌స్టర్‌డామ్ అనాథాశ్రమం పిల్లల్ని బస్సులెక్కించి రేవులో ఆఖరి ఓడల్లో ఒకదాని దాకా చేర్చింది. తను మాత్రం ఎక్కలేదు, వెనక్కి వెళ్ళిపోయింది.

ఆవిడ గర్వపడొచ్చు. హోం శాఖ సంగతి నాకు తెలియదు.

కాలువగట్టు మాస్టారు (తణుకు)

హోం శాఖ ముద్ర లేకపోతే ఆవిడ తెచ్చిన 600 మంది ఎక్కడ దిగేవారు బాబూ? సముద్రంలోనా? ముద్ర కొట్టినవాడి పేరు మీద విగ్రహం కట్టమనడం లేదు. ఆ ముద్రని లెక్కలోంచి తీసేయకండి, అంతే.

రోజూరైలు (లండన్)

తీసేయను మాస్టారూ. ముద్ర ఎంతమందికి పడిందో, ఎంతమందికి పడలేదో పక్కపక్కనే రాయమంటున్నాను.

అమ్మకి ఫోన్‌లో ఇంటిపని వీసా సంగతి చెప్పాను. "అంట్లు తోముకునైనా వెళ్ళిపోయుంటే బాగుండేది కదరా" అంది. వీసా దొరకడమే కష్టమని చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కూరేం వండావని అడిగింది.

మంత్రసాని (కొవెంట్రీ)

మీ స్టేషన్ గురించే ఇంకొకటి. ప్రాగ్ నుంచి నికొలస్ వింటన్ అనే లండన్ స్టాక్‌బ్రోకరు, ఆయనతో పనిచేసినవాళ్ళు కలిసి 669 మంది పిల్లల్ని తెచ్చారు. ఆఖరి రైలు 1939 సెప్టెంబర్ 1న బయల్దేరాలి, 250 మంది పిల్లలు. ఆ రోజే జర్మనీ పోలండ్ మీద పడింది, రైలు కదల్లేదు. ఆ పిల్లల కోసం లివర్‌పూల్ స్ట్రీట్‌లో 250 కుటుంబాలు ఎదురుచూస్తూ ఉండిపోయాయని వింటన్ తర్వాతెప్పుడో చెప్పాడు.