ఉపగ్రహంలో వోల్ట్‌మీటర్ పెడితే గ్రౌండ్ ఎక్కడ?

బెజవాడ ఎమ్మెస్సీ
అందరికీ నమస్కారం. సోమవారం నా సెమినార్, టాపిక్ మాగ్నెటోస్ఫియర్, అంటే భూమి చుట్టూ దాని అయస్కాంత క్షేత్రం ఏలే అంతరిక్ష ప్రాంతం. అక్కడ విద్యుత్ క్షేత్రం చాలాచోట్ల మీటరుకి మిల్లీవోల్ట్ స్థాయిలోనే ఉంటుందట. 2000లో వెళ్లిన క్లస్టర్ ఉపగ్రహాలు పొడవాటి తీగలు చాపి దాన్ని కొలిచాయి. మా ల్యాబ్‌లో మల్టీమీటర్ నల్ల వైరు గ్రౌండ్‌కి పెడతాం. అక్కడ దేనికి పెడతారు? అంత పొడవు తీగలు ఎందుకు? మా సార్ ఇదే అడుగుతారని టెన్షన్‌గా ఉంది.

బీసెంట్ రోడ్డు రిపేర్లు
తమ్ముడూ, నేను ఆంప్లిఫయర్లు బాగుచేసేవాణ్ణి, అంతరిక్షం సంగతి నాకు తెలీదు. కానీ తేడా కొలవడానికి గ్రౌండ్ ఎందుకు? రెండు పాయింట్ల మీద రెండు ప్రోబులు పెట్టు. చాసిస్ ఎంత వోల్టేజి మీదున్నా వాటి మధ్య తేడా అదే.

బ్రాడీపేట మాస్టారు
రిపేర్ల బాబు చెప్పింది నిజమే, కానీ అక్కడ చాసిస్, అంటే ఉపగ్రహం ఒళ్లు, ఊరుకోదు.

లెక్క వేద్దాం. క్లస్టర్‌లో ఒక్కో తీగ 44 మీటర్లు. చివర 8 సెంటీమీటర్ల గోళం, క్రికెట్ బంతి కంటే కాస్త పెద్దది. ఎదురెదురు గోళాల మధ్య 88 మీటర్లు, అంటే మీటరుకి ఒక మిల్లీవోల్ట్ అనుకుంటే చేతికొచ్చేది 88 మిల్లీవోల్టులు. ఇక ఉపగ్రహం సొంత వోల్టేజి చూడు. సూర్యుడి అతినీలలోహిత కాంతి పడగానే దాని ఒంటి నుంచి ఎలక్ట్రాన్లు లేచిపోతాయి. (మన గుంటూరు ఎండకి ఆ శక్తి లేదులే, గాలి అడ్డుకుంటుంది.) చుట్టూ ప్లాస్మా (విడిపోయిన ఎలక్ట్రాన్లు, అయాన్లు ఉండే వాయువు) పలచగా ఉన్నప్పుడు ఆ లోటు పూడదు, ఉపగ్రహం ప్లస్ పదుల వోల్టులకు ఎక్కి కూర్చుంటుంది. పొడవు తీగ సిగ్నల్ పెంచుతుంది, సరే. గోళాన్ని ఈ గోల నుంచి దూరంగా పెట్టడమే అసలు పని అంటాను నేను.

గోళం మీదా ఎండ పడుతుంది కదా. అందుకే దానికి బయాస్ కరెంటు ఇచ్చి, పోయిన ఎలక్ట్రాన్లకు బదులు ఎలక్ట్రాన్లు అందిస్తూ, ప్లాస్మా వోల్టేజికి దగ్గరగా నిలబెడతారు. నువ్వు వెతికే గ్రౌండ్ ఆ ప్లాస్మానే.

క్లస్టర్ ఉపగ్రహం నాలుగు సెకన్లకో చుట్టు తిరిగేది, తీగలు బిగుతుగా ఉండేది దానివల్లే. ఆ తిరుగుడులో అసలు క్షేత్రం సైన్ తరంగంలా కనిపిస్తుంది, పరికరం స్థిర దోషం గీతలా పక్కన ఉండిపోతుంది. ఎండ వైపు నుంచి వచ్చే దోషం మాత్రం అదే సైన్ తరంగంలో కలిసిపోతుంది. సూర్యుడి దిశలో వచ్చే రీడింగును నేను అంత తొందరగా నమ్మను.

బెజవాడ ఎమ్మెస్సీ
థాంక్యూ మాస్టారూ. మరి తిరిగే అక్షం దిశలో? అటు తీగ నిలబడదు కదా.

బ్రాడీపేట మాస్టారు
నిలబడదు. క్లస్టర్‌లో అటు తీగలే లేవు. అయస్కాంత క్షేత్రం వెంబడి విద్యుత్ క్షేత్రం సున్నా అనుకుని మూడో భాగాన్ని లెక్కగడతారు. అయస్కాంత క్షేత్రం తీగలు తిరిగే తలంలోకి వాలితే ఆ లెక్క పాడవుతుంది. 2015లో ప్రయోగించిన నాసా ఉపగ్రహాలు ఎమ్‌ఎమ్‌ఎస్‌లో అక్షం వెంబడి కూడా గట్టి బూమ్‌లు, అంటే కడ్డీలు, పెట్టారు. అయినా చివర నుంచి చివరకు అటు సుమారు 30 మీటర్లే, తీగల వైపు 120.

ఏటుకూరు రోడ్డు
ఉపగ్రహం కదలిక వల్ల పుట్టే క్షేత్రాన్ని, అదే వి క్రాస్ బి (వి ఉపగ్రహం వేగం, బి అయస్కాంత క్షేత్రం), తీసేయడం మర్చిపోకు.

బ్రాడీపేట మాస్టారు
మంచి మాట. ఇంకొకటి బాబూ. క్లస్టర్‌లో ఎలక్ట్రాన్ గన్ కూడా ఉండేది. వదిలిన ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రం చుట్టూ తిరిగి వెనక్కి వస్తాయి, వాటి దారి ఎంత జరిగిందో చూసి క్షేత్రం చెబుతారు. అయస్కాంత క్షేత్రం బలహీనంగా ఉన్నా, వేగంగా మారినా అది తడబడుతుంది. ధ్రువాల పైన మాత్రం దానిదే పైచేయి. అక్కడ చల్లటి అయాన్లు మెల్లగా పైకి పారుతుంటే, ప్లస్‌లో ఉన్న ఉపగ్రహం వెనక ఖాళీ ఏర్పడి, అసలు లేని క్షేత్రాన్ని ఉన్నట్టు తీగలు చూపిస్తాయి. యూరప్ స్పేస్ ఏజెన్సీ క్లస్టర్ డేటా అందరికీ ఉచితమే. ధ్రువాల మీది ఒక పూట తీసుకుని తీగల రీడింగు, గన్ రీడింగు రెండూ ఒకే గ్రాఫ్‌లో గీయి. అవి విడిపోయిన చోటే మీ సార్ ప్రశ్న వేస్తారు.