జబర్దస్త్ ఇన్నేళ్లు నడిచింది బూతు వల్లేనా?

రాత్రి తొమ్మిదిన్నర:
మొన్న భోజనాల దగ్గర మా ఇంట్లో జబర్దస్త్ మీద పెద్ద వాదన జరిగింది, అది ఇంకా బుర్రలో తిరుగుతోంది కాబట్టి ఇక్కడ పెడుతున్నా. మా పెదనాన్న రిటైరైన హెడ్మాస్టరు. ఆయన మాట ఒకటే, "బూతు తీసేస్తే ఆ షో నెల కూడా నడవదు" అని. మా నానమ్మేమో గురువారం రాత్రి అది పెట్టకపోతే అన్నం సహించదన్నట్టు ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన కామెడీ స్కిట్ల షో ఇది. జడ్జీల్లో నాగబాబు 2019లో వెళ్లిపోయారు, 2022లో మంత్రి అయ్యాక రోజా వెళ్లిపోయారు, అదే ఏడాది యాంకర్ అనసూయ కూడా. ధనరాజ్, వేణు, చమ్మక్ చంద్ర, సుధీర్, ఇలా మొదట్లో మనం ఎవరి కోసం చూశామో వాళ్లలో చాలామంది బయటికొచ్చేశారు. అయినా పదేళ్లు దాటినా నడిచింది, పాత స్కిట్లు యూట్యూబ్‌లో జనం ఇప్పటికీ తిప్పితిప్పి చూస్తున్నారు. బూతే కావాలంటే ఫోన్లో ఇంతకన్నా పచ్చిది ఎంతైనా దొరుకుతుంది, మరి ఇదే ఎందుకు చూస్తున్నట్టు? నేననేది, బూతు దాని బలం కాదు, బలమైన చెట్టుకి పట్టిన తీగ. కాదంటారా, చెప్పండి.

కృష్ణ ఒడ్డు:
నేను మీ పెదనాన్నగారి పక్షం. తీగ అన్నారు కదా, ఆ తీగకి నీళ్లు పోసిందెవరు? డబుల్ మీనింగ్ పంచ్ పడగానే కెమెరా జడ్జీల మీదికి వెళ్తుంది, వాళ్లు పడీపడీ నవ్వుతారు, ప్రోమోలో కూడా సరిగ్గా ఆ ముక్కే వేస్తారు. ఏది అమ్ముతున్నారో వాళ్లకి తెలుసు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది లేడీ గెటప్. మగవాళ్లు ఆడవేషం కట్టడం మనకి కొత్త కాదు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా రంగం మీదికొస్తే ఆ నడకని, ఆ విసురుని చూడ్డానికే వెళ్లేవారట. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామాకలాపం సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ వేషం ఒక సాధన. ఇక్కడ చాలా స్కిట్లలో ఆడవేషం ఉన్నది తన్నడానికి, రంగు మీద, ఒంటి మీద మాటలనడానికి. నిజంగా ఆడమనిషిని అలా కొడితే ఇంట్లో కూర్చుని చూడలేం, వేషం కట్టింది మగాడే కదా అని నవ్వేస్తున్నాం. కానీ నవ్వుతున్నది ఆడమనిషి దెబ్బలు తినడం చూసే కదా.

కువైట్ నుంచి:
అన్నా, మీరు చెప్పింది తప్పని అనను. కానీ ఇక్కడి మాట కూడా వినండి. మేము రూములో ఆరుగురం, ఇద్దరు కడప జిల్లా, ముగ్గురు గోదావరి జిల్లాల వాళ్లు, నేను కరీంనగర్. సినిమా మొత్తం చూసే ఓపిక ఎవరికీ ఉండదు, డ్యూటీ దిగి వంట చేసుకుని తినేసరికి పదకొండు. పది, పన్నెండు నిమిషాల స్కిట్ అయితే తింటూ చూసేయొచ్చు. చమ్మక్ చంద్ర మొగుడూ పెళ్లాల స్కిట్లు ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. వాటిలో అత్తగారి సాధింపు, పండక్కి అల్లుడి అలక, చిట్టీ డబ్బుల గొడవ లాంటివి వస్తాయి, ఇంటికి దూరంగా ఉన్నోడికి అవి జోకులు కాదు, ఇల్లు. ఇంకోటి, మా యాస మా యాసలాగే వినపడుతుంది అందులో. సినిమాల్లో తెలంగాణ మాట అంటే చాలాకాలం రౌడీకో పనోడికో పెట్టేవారు. అక్కడ టీమ్ లీడరే ఆ మాట మాట్లాడాడు.

బడి గంట:
నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లాడు ఉండేవాడు, గొంతు కొంచెం సన్నగా ఉండేది, నెమ్మదిగా మాట్లాడేవాడు. వాడికి క్లాసంతా కలిసి ఆ షోలో ఆడవేషం కట్టే ఒకాయన పేరు పెట్టేశారు. వాడు వారం రోజులు బడికి రాలేదు. ఇంటికెళ్తే వాళ్లమ్మ, "ఏంటమ్మా, పిల్లలు సరదాకి అంటే వీడు ఏడుస్తాడేంటి" అని నన్నే అడిగింది. ఆవిడకీ అది సరదాగానే అనిపించింది, ఎందుకంటే ఆవిడా ప్రతివారం దాన్నే చూసి నవ్వుతోంది. గీత కార్మికుల కుటుంబాల మీద వేసిన స్కిట్‌కి, అనాథల మీద అన్న మాటలకి అభ్యంతరాలొచ్చాయి, వాళ్లకి సంఘాలున్నాయి కాబట్టి అడిగారు. మా క్లాసులో పిల్లాడికి ఏ సంఘం ఉంది?

రాత్రి తొమ్మిదిన్నర:
మేడమ్, మీ పోస్టు రెండుసార్లు చదివాను. దానికి నా దగ్గర సమాధానం లేదు, ఆ పిల్లాడి విషయంలో ఆ షోది తప్పే. నేను దాన్ని కప్పిపుచ్చడానికి మొదలుపెట్టలేదు ఈ చర్చ. అది ఎందుకు నిలబడిందో సరిగ్గా తెలిస్తే కదా, ఏది తీసేసినా పడిపోదో తెలిసేది.

మోటు హాస్యం మనకి టీవీతో రాలేదు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుంటే మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూకేవాళ్లు, వాళ్ల మాటలు రాసి పెట్టుకునేవి కావు, పిల్లాజెల్లా అందరూ కూర్చునే చూసేవారు. కానీ కృష్ణ ఒడ్డు గారూ, మీరు అడగకముందే నేనే ఒప్పుకుంటా, అక్కడ వాళ్లు కథ మధ్యలో వచ్చి పోయేవాళ్లు. ఇక్కడ కథ అంతా వాళ్లే. ఒక్కో టీమ్ వారంవారం కొత్త స్కిట్ ఇవ్వాలి, అంటే ఏడాదికి యాభై దాకా. ఏ రచయితకైనా సరుకు అయిపోతుంది. అయిపోయిన రోజున చేతికందేది బూతు, రంగు, లావు, ఆడవేషం. తేలిగ్గా నవ్వొస్తుంది కాబట్టి అవే వాడారు, నాకు అర్థమైనంతవరకు బూతు వచ్చిన దారి అది.

సరుకున్న రోజున మాత్రం వాళ్లకి దాని అవసరం పడలేదు. గెటప్ శ్రీను ముసలివాడి వేషం కడితే వేళ్ల వణుకు దగ్గర్నించి మారిపోతాడు, నోరు విప్పకముందే నవ్వొస్తుంది. రాంప్రసాద్ ఆటో పంచ్‌లు ఉత్త శ్లేష, ఒకే మాటని రెండు వైపులా తిప్పడం. మనవాళ్లు అవధానంలో చప్పట్లు కొట్టేది కూడా అలాంటి విరుపుకే కదా (పోలిక పెద్దదే, అయినా నిలబడుతుందని నా నమ్మకం). ఆ ఇద్దరి మధ్య సుధీర్ ఎప్పుడూ మాట పడే మనిషి. ఆ ముగ్గురి స్నేహం చూడ్డానికే సగం మంది కూర్చునేవారు, దీని జంట షో ఎక్స్‌ట్రా జబర్దస్త్‌లో సుధీర్, యాంకర్ రష్మి జోడీని ఒక సీరియల్‌లా ఏళ్ల తరబడి ఫాలో అయ్యారు. అది బూతు కాదు, మనుషుల మీద పెరిగే అలవాటు. ఊళ్లో నాటకం కంపెనీ ఏటేటా వస్తే ఈసారి ఫలానా ఆయన ఏ వేషం కడతాడో అని ఎదురుచూసినట్టు.

ఇక వేణు సంగతి. అదే స్టేజీ మీద అన్ని రకాల స్కిట్లూ వేసిన మనిషి 2023లో 'బలగం' సినిమా తీశాడు. చావు ఇల్లు, కాకి ముద్ద ముట్టకపోవడం, అన్నదమ్ముల పంతాలు, అంతే కథ. ఊళ్లలో తెరలు కట్టుకుని చూసి ఏడ్చారు జనం. ఆ మనిషికి జనం ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ ఏడుస్తారో పసిగట్టడం ఒక్కరోజులో వచ్చిందంటే నేను నమ్మను.

కృష్ణ ఒడ్డు:
వేణు విషయం ఒప్పుకుంటా. కానీ చూడండి, ఆయన అది తీయడానికి బయటికి రావాల్సి వచ్చింది.

కువైట్ నుంచి:
బయటికి రావడానికి ముందు లోపలికి వెళ్లనిచ్చింది ఎవరన్నా? చుట్టాలు, డబ్బు లేనోళ్లని ఏ ఆఫీసు లోపలికి రానిచ్చింది?

బడి గంట:
తమ్ముడూ, ఆ మాట నిజం. తొమ్మిదిన్నర గారూ, శ్రీనుది మీకు బాగా నచ్చిన ముసలివాడి స్కిట్ ఏదైనా ఉంటే ఇక్కడ లింకు పెట్టండి, ఎవరినీ కించపరచనిది. శనివారం చివరి పీరియడ్‌లో పిల్లలకి చూపిస్తాను. ఆ పిల్లాడు ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నాడు, మిమిక్రీ చేస్తాడు.

రాత్రి తొమ్మిదిన్నర:
ఈ రాత్రికి మా నానమ్మతో కూర్చుని వెతికి పెడతాను మేడమ్. ఆవిడకి ఏది ఎప్పుడు వచ్చిందో నాకన్నా బాగా గుర్తు.