టెర్మినేటర్‌లో జాన్‌కి పదేళ్లా, పదమూడా? ఏ వరసలో చూపించాలి?

సందులో_సైన్సు: మా మేనల్లుడికి టెర్మినేటర్ సినిమాలు చూపిస్తున్నా. అదే, పెద్దయ్యాక మిషన్ల మీద పోరాడబోయే జాన్‌ని ముందే చంపడానికి భవిష్యత్తు నుంచి మిషన్లు వచ్చే కథ. మొదటి రెండూ (1984, 1991) ఒకే ఆదివారం లాగించేశాం. మూడోది (2003) పెట్టగానే వాడు పట్టేశాడు: "మామయ్యా, జాన్ తన మీదికి రెండోసారి మిషన్ని పంపినప్పుడు పదమూడేళ్లంటున్నాడేంటి? ఇందాక పదే కదా?" ఇన్నేళ్లుగా చూస్తున్నా, నా కంట ఎప్పుడూ పడలేదు. ఇంతకీ మీరైతే ఏ వరసలో చూపించారు?

గోదారి_గట్టు: మీవాడు గట్టోడే. రెండో సినిమాలో జాన్‌ని చంపడానికొచ్చిన ద్రవలోహపు మిషన్ T-1000 పోలీసు కారులో కూర్చుని కంప్యూటర్‌లో జాన్ వివరాలు తీస్తాడు చూడండి, అక్కడ ఆపండి. పుట్టింది 1985 ఫిబ్రవరి 28, వయసు 10. అంటే కథ 1995లో. మూడో సినిమా లెక్కన పదమూడేళ్లు రావాలంటే 1998 కావాలి. మిషన్లు మనుషుల మీద అణుబాంబులు వేసే ప్రళయం తేదీ చూస్తే 1997 ఆగస్టు 29! అది దాటిపోయాక ఇక దేన్ని ఆపడానికి అంత పరుగు?

పాత_క్యాసెట్: జాన్ తల్లి సారా సంగతి ఇంకా ఘోరం. రెండో దాంట్లో ఆసుపత్రి డాక్టరు ఆమెకి 29 ఏళ్లంటాడు. మూడో దాంట్లో సమాధి రాయి మీద 1959–1997 అని ఉంటుంది. ఆ లెక్కన 1995 నాటికే ముప్పై ఆరు. తల్లీకొడుకులిద్దరి వయసూ పెంచేశారు, ఎవరూ అడగలేదు.

రాత్రిపూట_రాధ: తేదీలు మారితే నాకు ఇబ్బంది లేదండీ. కాలంలో వెనక్కెళ్లి ఏదో కెలికారు కాబట్టి ప్రళయం 1997 నుంచి 2004కి జరిగింది, సరే. కానీ పుట్టిన రోజు ఎలా జరుగుతుంది? 1985లో పుట్టిన పిల్లాడు ఎప్పుడైనా 1985లో పుట్టినవాడే కదా. దానికి కాలయానం సాకు కుదరదు.

వరస విషయానికొస్తే, నేను మా ఆయనకి రెండు సినిమాలూ చూపించి, తర్వాత 2008 నాటి టీవీ సీరియల్ పెట్టా. అందులో మెచ్చుకోవాల్సిన తెలివి ఒకటుంది. సారా క్యాన్సర్‌తో పోవాల్సింది 2005లో. తల్లీకొడుకులు 1999 నుంచి నేరుగా 2007లోకి దూకేస్తారు. చావు తేదీనే దాటేశారన్నమాట! మూడో సినిమా సారాని చంపేసి చేసిన గాయానికి అంత చక్కగా కుట్లు వేసినవాళ్లు ఇంకెవరూ లేరు. రెండు సీజన్లకే ఆపేయడం అన్యాయం.

గోదారి_గట్టు: రాధగారూ, అది నిజం. 2015 సినిమాలో జాన్‌నే మిషన్ని చేసేశారు, దాని గురించి నేను మాట్లాడను. ఒక్క మెచ్చుకోలు మాత్రం: టెర్మినేటర్‌గా వేసిన ఆర్నాల్డ్ ముసలాడైతే పైన ఉన్నది మనిషి చర్మమే కాబట్టి ముడతలు పడుతుందన్నారు. అది ఒప్పుకోవచ్చు.

పాత_క్యాసెట్: నా మటుకు అసలైన కొనసాగింపు ఎవరంటే సారాకి పిచ్చి అని తేల్చిన ఆ డాక్టర్ సిల్బర్‌మనే. మొదటి మూడింట్లోనూ ఆ వేషం ఎర్ల్ బోయెన్‌దే. మొదటిసారి టెర్మినేటర్ లోపలికొస్తుంటే ఈయన పేజర్ చూసుకుంటూ బయటికెళ్లిపోతాడు. రెండోసారి ఊచల్లోంచి T-1000 కారిపోవడం కళ్లారా చూస్తాడు. మూడోసారి శ్మశానంలో ఆర్నాల్డ్ కనబడగానే పరుగు లంకించుకుంటాడు. జాన్‌కి సినిమాకో ముఖం మారింది గానీ, ఈయన భయం మాత్రం వరస తప్పకుండా పెరిగింది.

కొత్తగా_చేరా: అన్నా, 2019 సినిమాని రెండో దాని తర్వాత నేరుగా చూడొచ్చా? మధ్యవన్నీ లేవనుకోమన్నారుగా.

రాత్రిపూట_రాధ: చూడొచ్చు తమ్ముడూ. సారాగా వేసిన లిండా హామిల్టన్ కోసమైనా చూడాలి. మొదటి నిమిషాలకి మాత్రం గుండె రాయి చేసుకో.

సందులో_సైన్సు: మీ మాట విని నిన్న రాత్రి నేరుగా 2019 దే పెట్టా. 1998లో బీచ్ పక్కన జాన్‌ని కాల్చేశారు. మావాడు రిమోట్ లాక్కుని ఆపేశాడు. కాసేపు మాట్లాడలేదు. "రెండోదే మళ్లీ పెట్టు మామయ్యా" అన్నాడు. పోలీసు కారు దగ్గర ఆపి చూశాం. నిజమే, వయసు 10.