సమస్య: తలుపు తెరిచి యున్నఁ దాళ మడిగె

ఛందస్సు ఆటవెలది. ఫోన్ నుంచి ఇంటి కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్ తెరవబోయి తిప్పలు పడ్డవాళ్లకు ఈసారి పెద్దపీట.

మొదటి పూరణ

ఇంటి పీసిలోని దెల్లవారికటంచు
ఫోల్డరిచ్చినాను ఫోను కొఱకు
పిన్ను కొట్టి కొట్టి పీకులాడితిఁ గాని
తలుపు తెరిచి యున్నఁ దాళ మడిగె

మాస్టారు: యతులన్నీ కుదిరాయి. పిన్నుకు పీకులాట భలే పడింది! పద్యంలో తప్పు లేదమ్మా, పిన్నులోనే ఉంది. పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ అవడానికే, నెట్‌వర్క్ మీద చెల్లదు. మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే యూజర్ నేమ్ దగ్గర మెయిల్ ఐడీ, కింద ఆ ఖాతా పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఇక ‘ఎల్లవారికి’ అన్న మాట. ఎవ్రీవన్ అని పెడితే ఫోల్డర్‌కు అనుమతి ఇచ్చినట్టే గాని, వచ్చినవాడు ఎవడో అడగొద్దని కాదు.

రెండో పూరణ

పాత రోజులందుఁ బాసువర్డే లేదు
అతిథి యనుచు లోని కరుగుచుంటి
కొత్త అప్డేటు వచ్చి కోటకావలి పెట్టె
తలుపు తెరిచి యున్నఁ దాళ మడిగె

మాస్టారు: భావం మొదటిదాని కంటే లోతైనది. కానీ మూడో పాదం కుంటింది. ‘అప్డే’ రెండు గురువులు, అక్కడ సూర్యగణం (మూడు మాత్రల గణం) రావాలి. ‘కొత్త మార్పు వచ్చి’ అంటే సరిపోతుంది. కోటకావలి మాత్రం నిజం. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రోలో ఎస్ఎంబీ సైనింగ్, అంటే ఫోల్డర్ పంచుకునేటప్పుడు వెళ్లే ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం, తప్పనిసరి చేశారు. పాస్‌వర్డ్ లేని అతిథి సంతకం చేయలేడు, గుమ్మంలోనే ఆగిపోతాడు. కావలివాణ్ణి పీకేయకండి బాబూ. ఫోన్ కోసం కంప్యూటర్‌లో వేరే లోకల్ ఖాతా తెరిచి, దానికి పాస్‌వర్డ్ పెట్టి, ఆ ఒక్క ఫోల్డర్‌కే అనుమతివ్వండి.

రెండో పూరణ రాసినవారు: ‘మార్పు’ అంటే చప్పగా లేదూ మాస్టారూ? నన్ను ముంచింది అప్డేటే కదా!

మాస్టారు: ముంచింది అప్డేటే, మునిగింది గణం.

మొదటి పూరణ రాసినవారు: మెయిల్ ఐడీతో నిన్న రాత్రి ఫోల్డర్ తెరుచుకుంది మాస్టారూ! పెళ్లి ఫొటోలన్నీ ఫోన్‌లోనే చూశాం. పొద్దున మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి తాళం కూడా అడగడం లేదు, అసలు తలుపే కనిపించడం లేదు.

మాస్టారు: రాత్రి కంప్యూటర్ ఆపేశారా? మళ్లీ ఆన్ చేసినప్పుడు రూటర్ దానికి వేరే ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్ నంబర్) ఇచ్చి ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి చూడండి. నంబర్ మారి ఉంటే రూటర్‌లో ఆ కంప్యూటర్‌కు ఒకే అడ్రస్ రిజర్వ్ చేయండి. ఫోన్ గెస్ట్ వైఫైలో గాని లేదు కదా? అక్కడి నుంచి సాధారణంగా ఇంటి కంప్యూటర్ కనిపించదు.

మొదటి పూరణ రాసినవారు: అయ్యో, గెస్ట్‌లోనే ఉంది!