ప్రేమతో చేసే సాయం ఎదుటివారికి బరువెందుకు అవుతుంది?

ప్రశ్న

మాకు పెళ్లయి పదకొండేళ్లయింది. నా భార్య తన వృత్తికి సంబంధించిన ఒక పెద్ద పరీక్షకు రెండు నెలలుగా చదువుతున్నది. ఆమెకు తీరిక దొరకాలని ఇంటిపనిలో చాలాభాగం నేనే అందుకున్నాను. ఏ రోజు ఏ భాగం చదవాలో పట్టిక వేసి గోడకు అంటించాను కూడా. "అలసిపోయావు, కాసేపు పడుకో, మిగతాది నేను చూసుకుంటాను" అని రోజూ రెండు మూడుసార్లయినా అంటూంటాను. ఇంత చేసినా ఆమె మనసు తేలికపడకపోగా, నేను గదిలోకి అడుగుపెడితే చాలు, ముఖం ముడుచుకుంటున్నది. మొన్న ఉండబట్టలేక అడిగితే, "మీరు అలా అన్నప్పుడల్లా, ఇది నాకు చేతకాదని మీరు అనుకుంటున్నట్టు ఉంటుంది" అన్నది. నేను ఎన్నడూ అలా అనుకోలేదు. దీనికి మనస్తత్వశాస్త్రంలో వివరణ ఏదైనా ఉన్నదా?

మొదటి జవాబు

మీ ఇంటి పరిస్థితికి దగ్గరగా ఉన్న పరిశోధన ఒకటి 2000లో వెలువడింది. నయల్ బోల్జర్, ఆయన సహచరులు న్యాయవాద వృత్తి ప్రవేశ పరీక్షకు చదువుతున్నవారి చేత, వారి భాగస్వాముల చేత విడివిడిగా రోజూ డైరీ రాయించారు. ఈ రోజు సాయం చేశానా అన్నది ఒకరు, ఈ రోజు నాకు సాయం అందిందా అన్నది మరొకరు రాయాలి. అందిందని రాసిన రోజుల్లో అభ్యర్థుల దిగులు తగ్గకపోగా పెరిగింది. భాగస్వామి సాయం చేశానని రాసి, అభ్యర్థి మాత్రం దాన్ని గమనించని రోజుల్లోనే మేలు ఎక్కువగా కనిపించింది. పరిశోధకులు దీన్ని కనిపించని ఆసరా అన్నారు.

కళ్లెదుట కనిపించే సాయం వెంట ఒక అప్పు, ఒక అనుమానం కూడా వస్తాయి. ఇంత చేస్తున్న మనిషికి నేను ఏమి తిరిగి ఇస్తున్నాను అన్నది అప్పు. నా మీద నమ్మకం లేకనే ఇదంతా చేస్తున్నారా అన్నది అనుమానం. ఇంటిపని మీరు చేస్తూనే ఉండండి, చూసుకుంటానని చెప్పడం మాత్రం మానేయండి.

రెండో జవాబు

పైవారు చెప్పినది నిజమే కాని, దాన్ని సూత్రంలా పట్టుకోవడం నాకు నచ్చదు. మనిషి బాగా కుంగి ఉన్న రోజునే చుట్టూ ఉన్నవారు ఎక్కువ సాయం చేస్తారు. గొడుగులు ఎక్కువగా కనిపించాయి కాబట్టి అవే వానను తెచ్చాయని అనలేము కదా. అదీగాక, 2009లో నతాల్యా మైసెల్, షెల్లీ గేబుల్ ప్రచురించిన అధ్యయనం అసలు తేడా కనిపించడంలో లేదని చూపింది. తనను అర్థం చేసుకున్నారని, తన మాటకు విలువ ఇచ్చారని పొందేవారికి అనిపిస్తే కనిపించే సాయమూ మేలు చేసింది. ఆ స్పందన లోపించినప్పుడు చాటుగా చేసిన సాయం కూడా పెద్దగా పనికిరాలేదు.

జేమ్స్ కోన్ బృందం 2006లో చేసిన ప్రయోగం కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినది. స్వల్పమైన విద్యుదాఘాతం తగలబోతున్నదని తెలిసిన 16 మంది వివాహిత స్త్రీల మెదడును స్కాన్ చేసినప్పుడు, భర్త చేయి పట్టుకుని ఉన్నంతసేపు ప్రమాదానికి స్పందించే భాగాల అలజడి తగ్గింది. ఆ భర్తలు సలహా ఇవ్వలేదు, పట్టిక వేయలేదు. దాంపత్యం ఎంత బాగుంటే ఆ ఉపశమనం అంత ఎక్కువగా కనిపించింది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నేను ఏమి చేస్తే బాగుంటుందని ఆమెనే అడిగాను. భోజనం దగ్గర పరీక్ష మాట ఎత్తకుండా ఇంకేదైనా మాట్లాడితే చాలునన్నది. వినడానికి చిన్న విషయమే కాని, ఆ అరగంట నాకు చాలా కష్టమైంది; ఎంత చదివిందో అడగకపోతే నాకు ఊపిరాడనట్టు ఉన్నది.

మూడో జవాబు

అసలు విషయం మీ చివరి వాక్యంలోనే ఉన్నది. ఎదుటివారి కష్టాన్ని చూసినప్పుడు కలిగే కదలికను మనస్తత్వశాస్త్రవేత్త డేనియల్ బాట్సన్ రెండుగా విడదీశారు: ఒకటి వారి కోసం కలిగే ఆర్తి, రెండవది వారిని అలా చూడలేక మనలో పుట్టే కలవరం. రెండూ మనల్ని సాయానికే పురికొల్పవచ్చు కనుక బయటికి ఒకేలా కనిపిస్తాయి. కాని రెండో దానిలో మనం ముందుగా చల్లార్చుకునేది మన గుండెదడనే. ఎంత చదివావన్న ప్రశ్న ఆమెకు సాయంగా కాక, మీ బెంగకు సమాధానం చెప్పే మరో పనిగా అందుతున్నది. నా అనుభవమూ ఇదే. నా దగ్గరివారు జబ్బుపడినప్పుడు గంటగంటకూ ఎలా ఉందని అడిగి వారిని నిద్రపోనివ్వలేదు.

బెంగపడటం తప్పు కాదు. దాన్ని సాయం రూపంలో కాక, "నాకే భయంగా ఉన్నది" అని ఉన్నదున్నట్టుగా ఒకసారి ఆమెతో చెప్పండి. మిగతా రోజుల్లో ఒక స్నేహితునితో చెప్పుకోండి. ఇక గోడమీది పట్టికను మీ అంతట మీరే చింపివేసి, అదొక త్యాగంలా ప్రకటించకండి. ఉంచాలో తీయాలో ఆమెనే అడగండి.